గబ్బిలం ఎందుకుందో చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ వేసవి సెలవుల్లో మనవరాలిని వెంటబెట్టుకుని ఒక మ్యూజియానికి వెళ్ళాను. చైనా వస్తువుల గదిలో అద్దాల బీరువా నిండా నశ్యం బుడ్లు పెట్టారు. ఒక్కొక్కటీ గుప్పిట్లో ఇమిడిపోయేంత. మూతకు లోపలివైపు సన్నని చెంచా, పొడుం తీసుకోవడానికి. వాటిలో ఒకదాని మీద చూపు నిలిచిపోయింది. తెల్లగాజు మీద ఎర్రగాజు పొర వేసి, అక్కరలేని ఎరుపంతా చెక్కి తీసేసి, ఐదు గబ్బిలాలను మిగిల్చారు. రెక్కల్లో ఈనెలు కూడా తెలుస్తున్నాయి.

"ఇంత అందమైన బుడ్డి మీద గబ్బిలాలేమిటి అమ్మమ్మా?" అని అడిగింది పిల్ల. పక్కనున్న ఆవిడ "అపశకునం" అంటూ ముందుకు సాగిపోయారు. కింద చీటీలో ఉన్నది ఇంతే: నశ్యం సీసా, చైనా, 19వ శతాబ్దం.

నిజానికి అది దీవెన. చైనా భాషలో గబ్బిలం పేరులోని 'ఫు', భాగ్యం అనే అర్థమున్న 'ఫు' ఒకేలా పలుకుతాయి. ఐదు గబ్బిలాలంటే పంచభాగ్యాలు: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, మంచితనం మీద ప్రీతి, నిండు జీవితం తర్వాత ప్రశాంత మరణం. ఎరుపుకూ 'అపారం' అనే మాటకూ అక్కడ ఒకే ధ్వని కాబట్టి, ఎర్ర గబ్బిలం అపారమైన భాగ్యం. గుర్రమెక్కిన కోతి బొమ్మ కూడా ఇలాంటిదే. 'గుర్రం మీద' అన్న మాటకు 'వెంటనే' అనే అర్థమూ ఉంది. కోతికీ ఒక ప్రభు బిరుదుకూ ఒకే పలుకు. త్వరలోనే పెద్ద పదవి రావాలని ఆశీర్వచనం! చేపకూ 'మిగులు' అనే మాటకూ ఒకే పలుకు, ఇంట్లో ఏటా మిగులు ఉండాలని దీవెన.

ముప్పై ఏళ్ళు బడిలో శ్లేషాలంకారం చెప్పినదాన్ని. మన కవులు పద్యంలో చేసిన పనిని వాళ్ళు గాజు మీద, జేడ్ అనే పచ్చరాతి మీద చేశారని తెలిసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. 1696లో కాంగ్షీ చక్రవర్తి జెస్యూట్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన జర్మన్ ఫాదరీ కిలియన్ స్టుంఫ్ చేత రాజాస్థానానికి గాజు కార్ఖానా పెట్టించిన నాటి నుంచి ఆస్థానంలో సాగిన గాజుపని ఇది. బొమ్మ వెనక ఉన్న మాట వినిపించకపోతే, చూసేవారికి అందులో సగమే అందుతుంది.

మ్యూజియంల అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి వస్తువు పక్కన తెలుగులో నాలుగు పంక్తులు రాయించండి. ఆ చైనా పలుకును తెలుగు లిపిలోనే ఇవ్వండి, పిల్లలు పైకి చదివి ఆ పోలికను తామే పట్టుకుంటారు. చీటీ వాళ్ళ కళ్ళకు అందే ఎత్తులో ఉంచండి. మన విశ్వవిద్యాలయాల్లో చైనా భాష చదివినవారు ఉన్నారు, అడిగితే సాయం చేస్తారు. మా పిల్ల ప్రశ్నకు నేను ఇంటికొచ్చి పుస్తకాలు వెతికి, మూడు రోజుల తర్వాత జవాబు చెప్పగలిగాను. ఆ జవాబు ఆ బీరువా దగ్గరే దొరకాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
తెనాలి