వానాకాలంలో వాడని కరెంటుకు డిమాండ్ ఛార్జీ: ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యుత్ నియంత్రణ మండలి ఛైర్మన్ గారికి,

నమస్కారాలు. వినతిపత్రాలకు జవాబు రానందున నలుగురి ముందు ఇలా రాయాల్సి వస్తోంది.

థీమ్ పార్కులకు ఆదాయం ఎక్కువగా వేసవి సెలవుల్లోనే. కొచ్చిలో 2000లో మొదలై 2016లో హైదరాబాద్ దగ్గరి రావిర్యాలకు వచ్చిన వండర్‌లా వంటి సంస్థకు ఒక ఊళ్లో వాన పడితే మరో ఊరు ఆదుకోవచ్చు. హైదరాబాద్ చుట్టూ ఉన్న చిన్న పార్కులకు ఆ వీలు లేదు.

మే నెలలో వేవ్ పూల్ బ్లోయర్లు, కోస్టర్ మోటార్లు ఒకేసారి తిరగాలి కాబట్టి 1000 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ (గరిష్ఠంగా ఇంత లోడు వాడతామనే ఒప్పందం) తీసుకున్నారనుకుందాం. జులైలో వాడకం 300 కేవీఏకి పడిపోయినా, డిమాండ్ ఛార్జీ ఒప్పందంలో 80 శాతానికి, అంటే 800 కేవీఏకి వస్తుంది. పోనీ అన్నీ ఆపేద్దామా అంటే, ఫిల్టర్ పంపు రెండ్రోజులు ఆగితే చాలు, పూల్ పచ్చగా నాచు పడుతుంది.

ఆ భారం చివరికి లైఫ్‌గార్డుల మీద, రైడ్ ఆపరేటర్ల మీద పడుతోంది. జులైలో ఇంటికి పంపిన మనిషి ఏప్రిల్‌లో తిరిగి రాడు. సేఫ్టీ బార్ లాక్ పడిన శబ్దాన్ని గుర్తుపట్టే చెవి కొత్తవాడికి వారంలో రాదు.

పత్తి జిన్నింగ్ మిల్లుల్లా పార్కులనూ, సీజన్ కాని నెలల్లో డిమాండ్ ఛార్జీ తగ్గే సీజనల్ కేటగిరీలో చేర్చండి. కరెంటు ధరలపై జరిగే వచ్చే టారిఫ్ విచారణలోనే దీనిపై నిర్ణయం ప్రకటించాలని కోరుతున్నాం.

ఇట్లు,
పార్కుల నిర్వాహకులు, సిబ్బంది
హైదరాబాద్