బండి అమ్మేశాను, ఆర్‌సీ మాత్రం ఇంకా నా పేరు మీదే

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) బదిలీకి డబ్బు కట్టించుకుని, పని చేయకుండానే యాప్‌లో ‘పూర్తయింది’ అని చూపించడం గురించి.

అయ్యా,

నేను తిరుపతి భైరాగిపట్టెడలో ఉంటాను. నా 2017 మోడల్ యాక్టివాను మొన్న సంక్రాంతి తర్వాత మీ యాప్ ద్వారా అమ్మాను. బండి డబ్బు 32,000 రూపాయలు కొన్నతను నేరుగా నా ఖాతాలో వేశాడు. దాని గురించి నాకు ఏ పేచీ లేదు. నా ఫిర్యాదంతా ‘పేపర్ల పూచీ మాది’ అంటూ మీరు నా దగ్గర విడిగా తీసుకున్న 1,999 రూపాయల గురించి, ఆ డబ్బుకు మీరు చేయని పని గురించి.

ఈ బండిని మా వీధి చివరి మెకానిక్ కూడా అడిగాడు. మీరు చెప్పిన రేటుకు ఓ రెండు వేలు అటూ ఇటూగా ఇచ్చేవాడే. అయినా ఇవ్వలేదు. మా వైపు పాత బళ్ళు ఎక్కువగా ఓపెన్ సంతకాల మీదే చేతులు మారతాయి. యజమాని పేరు మార్చే ఫారం 29, ఫారం 30 మీద అమ్మినవాడి సంతకం ఉంటుంది, కొన్నవాడి పేరు దగ్గర ఖాళీ. ఆ కాగితాలు బండితో పాటే ఒకరి నుంచి ఇంకొకరికి పోతుంటాయి గానీ, ఆర్టీఓ ఆఫీసు గడప తొక్కేవాడు ఉండడు. ఆ తలనొప్పి వద్దనే మీ దగ్గరికి వచ్చాను.

బండి అప్పగించిన రోజు జరిగింది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ కస్టమర్ కేర్ వాళ్ళు ‘కస్టమర్ సరైన పత్రాలు ఇవ్వలేదు’ అని ఒకసారి నా మీదకే తోశారు. బ్యాంకు అప్పు తీరాక వాళ్ళ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 ఇచ్చి ఆర్‌సీలో ఉన్న హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) నేనే ముందుగా తీయించాను. మీ ప్రతినిధి, కొనే అబ్బాయి కలిసి మా ఇంటికి వచ్చారు. ఆ అబ్బాయికి రేణిగుంటలో ఉద్యోగం, ఆధార్‌లో అడ్రసు మాత్రం తమిళనాడులోని తిరుత్తణిది. ఆ ఆధార్‌ను మీ ప్రతినిధే తన ఫోన్‌లో స్కాన్ చేసుకున్నాడు. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టనన్నాను. “ఆఫీసులో నింపుకుంటాం కదా సార్” అని కొంచెం విసుక్కున్నాడు. నేను వినకపోయేసరికి అక్కడే మా టీవీ స్టాండు మీద పెట్టి, కొనే అబ్బాయి పేరు, తండ్రి పేరు, తిరుత్తణి చిరునామా నీలం పెన్నుతో రాశాడు. ప్రతి పేజీకీ ఫోటో తీసుకున్నాను. డెలివరీ నోట్ మీద తేదీ పక్కన టైము కూడా వేయించాను.

వారం తిరక్కుండా మీ యాప్‌లో ఆకుపచ్చ టిక్కుతో ‘ఆర్‌సీ బదిలీ పూర్తయింది’ అని వచ్చింది. మాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని కూడా అడిగారు.

ఆ తర్వాత నా ఫోన్‌కు చలాన్ మెసేజ్ వచ్చింది. తిరుత్తణిలో రాసిన చలాన్. ఫోటో తెరిచి చూస్తే బండి నాదే. ముందు మడ్‌గార్డ్ మీద మా అమ్మాయి అంటించిన తిరునామం స్టిక్కర్, దాని కింద మా గేటుకు కొట్టుకుని పడిన సొట్ట స్పష్టంగా కనిపిస్తున్నాయి. బండి మీద ముగ్గురు కుర్రాళ్ళు, ఒక్కరికీ హెల్మెట్ లేదు. ఆ ముగ్గురిలో నా దగ్గర కొన్న అబ్బాయి కూడా లేడు. బళ్ళ రికార్డులుండే ప్రభుత్వ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూస్తే యజమాని పేరు దగ్గర నా పేరే ఉంది. ఆ తర్వాత ఇంకో చలాన్ కూడా పడింది.

కొన్న అబ్బాయికి ఫోన్ చేశాను. తప్పించుకోకుండా ఎత్తాడు, అందుకు అతన్ని మెచ్చుకోవాలి. “అన్నా, ఆ యాప్ కంపెనీ వాళ్ళు వేరే రాష్ట్రం అడ్రసంటే ఎన్‌ఓసీ కావాలి, అది మా ప్యాకేజీలో రాదన్నారు. నేనూ తిరగలేక మా ఊళ్ళో ఒకతనికి ఇచ్చేశా” అన్నాడు. ఆ ఒకతను ఎవరికి ఇచ్చాడో ఇతనికీ తెలియదు. అంటే ఏ ఓపెన్ కాగితాల బెడద తప్పుతుందని మీకు డబ్బు కట్టానో, సరిగ్గా అందులోకే మీరు నన్ను తోశారు.

తిరుత్తణి ఆధార్ మీ చేతికి వచ్చిన రోజే మీకు తెలుసు, ఇది రాష్ట్రం దాటే బదిలీ అని. ఫారం 28 పెట్టి ఇక్కడి ఆర్టీఓ దగ్గర ఎన్‌ఓసీ తీసుకోవాలనీ, అక్కడ మళ్ళీ ట్యాక్స్ కట్టాల్సి ఉంటుందనీ మీకు తెలియనిది కాదు. తిరుపతి, చిత్తూరు నుంచి గంటా రెండు గంటల్లో తమిళనాడో కర్ణాటకో వచ్చేస్తుంది. ఇక్కడ బళ్ళు అమ్మించేవాళ్ళకు ఇది రోజూ ఎదురయ్యే సంగతే. మా ప్యాకేజీలో రాదని ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే బండి తాళాలు నా జేబులోనే ఉండేవి.

దీన్ని మీ ఉద్యోగులు చిన్న విషయంగా మాట్లాడుతున్నారు కాబట్టి చట్టం సంగతి కూడా రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 50వ సెక్షన్ ప్రకారం బండి అమ్మిన సంగతి తెలియజేయాల్సింది అమ్మినవాడు. అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అయితే ఎన్‌ఓసీతో 45 రోజుల్లో. మీ ఆకుపచ్చ టిక్కును నమ్మి ఉండగానే ఆ గడువు దాటిపోయింది. ఇక యాక్సిడెంట్ జరిగితే? చేతులు మారుతూ పోయిన ఒక కారు కేసులో, రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ బండి ఇన్సూరెన్స్ వచ్చే నెలాఖరుకు అయిపోతుంది. చేతిలో లేని బండికి నేను కట్టను, ఇప్పుడు నడుపుతున్నవాడు కడతాడని నమ్మకం లేదు. ఆ తర్వాత ఆ ముగ్గురు కుర్రాళ్ళు ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది భైరాగిపట్టెడకే.

తిరుపతి వాళ్ళకు ఇంకో భయం కూడా ఉంది, ఇది మీ హెడ్డాఫీసులో కూర్చున్నవాళ్ళకు తట్టకపోవచ్చు. శేషాచలం చుట్టుపక్కల ఎర్రచందనం దుంగలతో ఏ బండి దొరికినా పోలీసులు ముందు చూసేది నంబర్ ప్లేటే. ఆ నంబర్ చెప్పేది నా పేరు. “యాప్‌లో పూర్తయిందని ఉంది సార్” అని టాస్క్‌ఫోర్స్ వాళ్ళ ముందు నేను ఫోన్ చూపించుకోవాలా? రాత్రి తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే మా ఆవిడకు ఇప్పుడు అదే టెన్షన్.

మీ కస్టమర్ కేర్ గురించి ఎక్కువ రాయను. ప్రతిసారీ కొత్త మనిషి, మళ్ళీ మొదటి నుంచి కథ, సాయంత్రానికి ‘మీ టికెట్ క్లోజ్ చేశాం’ అని మెసేజ్. చివరగా మాట్లాడిన ఆమె, మీది కేవలం ఇద్దరు వ్యక్తులను కలిపే వేదిక, అమ్మకం వాళ్ళిద్దరి మధ్య సంగతి అన్నారు. పాత బళ్ళ డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం నిబంధనలు పెట్టింది. ఆర్టీఓ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, బండి తమ చేతికి రాగానే పోర్టల్‌లో తెలియజేయాలి, ఆ తర్వాత బాధ్యత వాళ్ళదే. మీరు డీలర్ కాదంటారు, సరే. మరి డీలర్ చేయాల్సిన కాగితాల పని చేస్తామని రసీదు ఇచ్చి డబ్బు ఎందుకు తీసుకున్నారు? వేదిక అయితే టిక్కు ఎవరు పెట్టారు?

నాకు కావలసింది ముందు ఆ బదిలీ. మీ మనిషిని పంపి ఇక్కడ ఎన్‌ఓసీ, అక్కడ తిరుత్తణిలో పేరు మార్పు మీ ఖర్చుతో చేయించండి. ఇప్పుడు బండి ఎవరి దగ్గరుందో కనుక్కునే పని కూడా మీదే, కొన్న అబ్బాయి వివరాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి. అది తేలేదాకా పడే చలాన్లు, ఇప్పటికే పడినవి మీరు కట్టాలి. 1,999 రూపాయలు వెనక్కి ఇవ్వాలి. ‘పూర్తయింది’ అని ఏ ఆధారంతో పెట్టారో రాతపూర్వకంగా చెప్పాలి, ఆర్టీఓ రసీదు ఉంటే దాని కాపీ పంపండి. బండి అమ్మిన తేదీ, టైముతో ఇక్కడి పోలీసులకు, ఆర్టీఓకు నేను విడిగా అర్జీ ఇస్తున్నాను. మీ ప్రతినిధి సంతకం ఉన్న డెలివరీ నోట్ కూడా అందులో ఉంటుంది.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఇప్పటికే నమోదు చేశాను. నెల దాటితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. అక్కడ మీ యాప్ స్క్రీన్‌షాటూ, పరివాహన్ స్క్రీన్‌షాటూ పక్కపక్కనే పెడతాను. ఆ రెండింటితో పాటు ఫారాల ఫోటోలు, డబ్బు కట్టిన రసీదు, చలాన్లు ఈ లేఖకు జతచేశాను. జవాబు ఫోన్‌లో వద్దు, ఈమెయిల్‌లోనే ఇవ్వండి.

ఇట్లు,
మీ ఖాతాదారు,
భైరాగిపట్టెడ, తిరుపతి.