ధర పక్కన చిన్న అక్షరాలు

సంపాదకులకు నమస్కారం.

యూరప్ సెలవుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఏ ఊళ్లో ఏం చూడాలో బాగా రాశారు. భోజనం దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఫోన్లో ఎక్కువ స్టార్లు ఉన్న రెస్టారెంటుకి వెళ్లండి' అని ఒక్క ముక్కతో తేల్చేశారు. కిందటి మే నెలలో నేనూ ఆ పద్ధతే నమ్ముకుని వెనిస్‌లో దెబ్బతిన్నాను.

రియాల్టో వంతెనకు కూతవేటు దూరం. వేలమంది మెచ్చుకున్న చోటు. గుమ్మంలో ఒకాయన నిలబడి మరీ లోపలికి పిలిచాడు. మెనూలో బ్రాంజీనో చేపకు ఎదురుగా 7 యూరోలని ఉంది. కాలువ పక్కన కూర్చుని తింటూ ఇంత చవకా అని మురిసిపోయాను. బిల్లులో ఆ చేప ఒక్కటే 45.50! వెయిటర్‌ని అడిగితే మెనూ మళ్లీ తెచ్చి, 7 పక్కనున్న 'లెట్టో' అనే మాట మీద వేలు పెట్టాడు. అంటే 'ఒక్కో ఎట్టోకి' అని. ఎట్టో అంటే వంద గ్రాములట. చేప తూగింది 650. దాని మీద మనిషికి 3 యూరోల 'కొపెర్తో', అంటే టేబుల్ వేసి బ్రెడ్డు పెట్టినందుకు. అదీ మెనూ అడుగున అచ్చయ్యే ఉంది. మోసం అనడానికి వీల్లేదు. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో కూర్చుని, చిన్న అక్షరాలు చదవందే సంతకం పెట్టకండని ఊరందరికీ చెప్పినవాణ్ణి. ఆ సంగతి మా ఆవిడ ఆ సాయంత్రమే రెండుసార్లు గుర్తుచేసింది.

ఆ వంతెన పక్క హోటలువాడికి మనం మళ్లీ రావాలన్న అవసరమేముంది? రేపు ఇంకో రైలెడు జనం దిగుతారు. నాలుగు సందుల అవతల ఉన్నవాడికి అలా కుదరదు, ఆ పేటవాళ్లు రేపు కూడా రావాలి. ఈ తేడా స్టార్లలో కనపడదు.

మర్నాడు కన్నరేజో పేట వైపు నడిచాం. మిజెరికోర్దియా కాలువ గట్టు వెంట 'బాకరో' అనే చిన్న చిన్న వైన్ కొట్లున్నాయి. గాజు పెట్టెలో 'చికెట్టి' పేర్చి ఉంటాయి. బ్రెడ్డు ముక్కల మీద కాడ్ చేప ముద్ద, ఆర్టిచోక్, చీజ్... కావాల్సింది వేలితో చూపిస్తే చాలు. ఒక్కోటి రెండు యూరోలు, అటూ ఇటూగా. కుర్చీలు లేవు. ప్లేటు గట్టు మీద పెట్టుకుని నిలబడే తిన్నాం. మా పక్కన ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు, కూరగాయల సంచీతో ఒక ముసలావిడ. ఇద్దరికీ కలిపి 20 యూరోలు దాటలేదు. ఇటలీలో కాఫీకీ అంతే, కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర.

మా ఆవిడ శాకాహారి. ఆవిడ పాట్లు వేరు. 2014 డిసెంబరు నుంచి యూరోపియన్ యూనియన్‌లో హోటళ్లు 14 రకాల అలర్జీ పదార్థాల వివరం చెప్పితీరాలి. ఆ పట్టిక చూసి ధైర్యపడ్డాం. అందులో పాలు, గుడ్లు, చేప, ఆఖరికి ఆవాలూ ఉన్నాయి గానీ మాంసం లేదు! పారిస్‌లో ఉల్లిపాయ సూప్ చెప్పింది. రెండు చెంచాలయ్యాక అనుమానమొచ్చి అడిగితే, అది గొడ్డు మాంసం ఉడికించిన నీళ్లతో చేసిందట. మాడ్రిడ్‌లో సలాడ్ మీద ట్యూనా చేప వచ్చింది. అందుకే 'మాంసం తినను' అంటే చాలదు, చేప, హామ్ అనే పంది మాంసం, సూపులో పోసే నీళ్లు విడివిడిగా అడగాలి. పార్మెజాన్ చీజ్‌కు పాలు గడ్డకట్టడానికి దూడ పొట్ట నుంచి తీసే రెనెట్ వాడతారని నేనింకా ఆవిడకు చెప్పలేదు. ఈ ఉత్తరం మీరు వేస్తే తెలుస్తుంది.

వేళల సంగతి వ్యాసంలో అసలే లేదు. లూవ్ర్ మ్యూజియం చూసి మేం బయటపడేసరికి మూడైంది. పారిస్‌లో చాలా చోట్ల రెండు, రెండున్నరకల్లా వంట ఆపేస్తారు, మళ్లీ రాత్రి ఏడుకే. ఆ రోజు బేకరీ శాండ్‌విచ్‌తో సరిపెట్టుకున్నాం. మర్నాడు పన్నెండున్నరకే వెళ్లి కూర్చున్నాం. పలక మీద సుద్దతో రాసిన వంటకాలు నాలుగైదే. రెండు కలిపి ఒక ధరకిస్తే దాన్ని 'ఫార్ముల్' అంటారు. స్పెయిన్‌లో మధ్యాహ్నం ఇలాంటిదే 'మెను దెల్ దియా', రెండు వంటకాలు, బ్రెడ్డు, తాగడానికేదో, చివర తీపి. అందుకని పెద్ద భోజనం మధ్యాహ్నమే కానిచ్చేవాళ్లం.

ఫ్రాన్స్‌లో ధరల పట్టిక గుమ్మం బయటే పెట్టాలి, సర్వీసు ఛార్జీ ఆ ధరల్లోనే ఉంటుంది. 'కరాఫ్ దో' అని అడిగితే భోజనంతో కుళాయి నీళ్లు ఉచితం. ఇక బిల్లు మనం అడిగేదాకా తేరు. లేచి వెళ్లమన్నట్టు ఉంటుందని వాళ్ల మొహమాటం. మొదటి రోజు ముప్పావు గంట చూసి, మమ్మల్ని మర్చిపోయారేమోనని టెన్షన్ పడ్డాం.

ఒక సవరణ కూడా వేయాలి. 'ఆంట్రే' అంటే ప్రధాన వంటకమని మీ వ్యాసంలో ఉంది. అమెరికాలో అంతే. ఫ్రాన్స్‌లో మాత్రం అది ముందు పెట్టే చిన్న వంటకం, అసలుదాన్ని 'ప్లా' అంటారు. మేమూ మీలాగే అనుకుని చెరో ఆంట్రే చెప్పుకున్నాం. ఒక్కో ప్లేట్లో ఉల్లికాడల్లాంటి లీక్ కాడలు, ఉడికించినవి, మూడేసి వచ్చాయి. అవి తినేసి, అన్నం కోసం చూసినట్టు వంటగది తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. ఇంకేం రాలేదు.

- ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి