పీఆర్వో ఇంటికి రాకముందే బడి చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన మర్నాడు మీ పేపరైనా ఇంకో పేపరైనా తెరిస్తే ఫస్ట్ పేజీ నుంచే యాడ్స్, 600కి 595, 596, 597 అంటూ పిల్లల పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు వరసగా, కింద కాలేజీ ఫోన్ నంబర్లు. దాని గురించి నేనేం అనను, యాడ్స్ లేకపోతే పేపర్ ఈ రేటుకి రాదని నాకూ తెలుసు. కానీ ఆ ఫొటోల్లో లేని పిల్లలు, 320 వచ్చినవాడు, 410 వచ్చిన అమ్మాయి, వీళ్లకి టెన్త్ తర్వాత ఏమేం ఉన్నాయో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేరండీ, బడిలో కూడా లేరు, అందుకే ఈ ఉత్తరం.

నాది పల్నాడు జిల్లాలో వినుకొండ వైపు ఒక మండల కేంద్రం, హైస్కూల్ రోడ్డులో నెట్ సెంటర్ నడుపుతాను. జిరాక్స్, ఫొటోలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఇదే పని. ఏప్రిల్ నుంచి జూలై దాకా నా కౌంటర్ ముందు ఎక్కువగా నిలబడేది టెన్త్ పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలే, పాలిసెట్టు (పాలిటెక్నిక్ ఎంట్రన్స్), ట్రిపుల్ ఐటీ, ఐటీఐ, అన్ని అప్లికేషన్లూ నేనే కొడతా. పోయిన సీజన్లో పాలిసెట్ వెబ్ ఆప్షన్లకి ఆఖరి రోజున ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు, ప్లాస్టిక్ కవర్లో మెమో, క్యాస్ట్ సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, అన్నీ పక్కాగా ఉన్నాయి. స్క్రీన్ మీద బ్రాంచీల లిస్ట్ వచ్చింది, సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఈసీఈ, కంప్యూటర్స్. పిల్లాడు లిస్టంతా చూసి నా మొహం చూశాడు. "ఎలక్ట్రికల్ అంటే కరెంట్ పనేనా అన్నా" అన్నాడు. వాళ్ల నాన్నేమో "నీకు తెలియందేముంది తమ్ముడూ, ఏది మంచిదైతే అది నొక్కు" అన్నాడు. ఆ సైటేమో కాసేపు ముట్టుకోకపోతే లాగౌట్ అయిపోతుంది, వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. పదేళ్లు బడికి పంపి చివరికి జిరాక్స్ తీసేవాడిని అడిగి పిల్లాడి చదువు తేల్చుకోవాల్సిన ఖర్మ ఏంటండీ?

మరి అసలు చెప్పేదెవరు అంటే ప్రైవేట్ కాలేజీల పీఆర్వోలు, అంటే అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగేవాళ్లు. మా వైపు జనవరి నుంచి మిర్చి కోతలు, డబ్బులు చేతికొచ్చేది అప్పట్నుంచే, సరిగ్గా అప్పుడే వీళ్లు బండ్లేసుకుని ఊళ్లలోకి దిగుతారు. పిల్లాడు ఇంకా ప్రీఫైనల్ కూడా రాసి ఉండడు, ఇప్పుడు కడితే ఫీజులో కన్సెషన్ అంటారు, తర్వాతైతే సీట్లుండవు అంటారు, ఓ పదివేలు అడ్వాన్స్ పట్టుకుపోతారు. షెడ్యూల్ కంటే ముందు అడ్మిషన్లు చేయకూడదని ఇంటర్ బోర్డు చెప్తూనే ఉంటుంది, వినేదెవరు. పీఆర్వో నోట్లోంచి వచ్చేవి రెండే మాటలు, అబ్బాయైతే ఎంపీసీ అమ్మాయైతే బైపీసీ, కొంచెం టౌన్‌లో ఉన్న కాలేజీ అయితే ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) అని ఒక ముక్క కలుపుతాడు. అతన్ని తప్పుపట్టను, అతని జీతం అడ్మిషన్ల మీదే ఉంది, తన దగ్గర లేని సరుకు గురించి అతనెందుకు చెప్తాడు?

కానీ ఏమేం ఉన్నాయో చూడండి, పైగా ఎక్కడో దూరాన కాదు, మా చుట్టుపక్కలే. గుంటూరు దగ్గర నల్లపాడులో గవర్నమెంట్ పాలిటెక్నిక్ ఉంది, గుంటూరులోనే అమ్మాయిలకి విడిగా ఉమెన్స్ పాలిటెక్నిక్ ఉంది, మూడేళ్ల డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే సరాసరి బీటెక్ సెకండియర్‌లో కూర్చోవచ్చు. పాలిసెట్‌కి గవర్నమెంట్ పాలిటెక్నిక్ వాళ్లు ఫ్రీ కోచింగ్ కూడా పెడతారు, ఆ ముక్క పిల్లలకి తెలిసేటప్పటికి కోచింగ్ సగం అయిపోయి ఉంటుంది. గుంటూరులోనే టెక్స్‌టైల్ డిప్లొమా చెప్పే గవర్నమెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, చిలకలూరిపేట పక్కన గణపవరం చుట్టూ చూస్తే స్పిన్నింగ్ మిల్లులు, ఆ మిల్లుల్లో కూలికి పోయే ఇళ్ల పిల్లలకే ఆ డిప్లొమా ఒకటుందని తెలీదు. విజయవాడ దగ్గర సూరంపల్లిలో సీపెట్ అని సెంట్రల్ గవర్నమెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ప్లాస్టిక్స్ టెక్నాలజీ డిప్లొమా, టెన్త్ చాలు. కొంచెం దూరమైనా వెంకటగిరిలో చేనేత టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, దానికీ టెన్తే.

వ్యవసాయం సంగతి ఇంకా విచిత్రం. మా మండలంలో పదిళ్లకి తొమ్మిదిళ్లు సేద్యం మీదే బతుకుతాయి, లాంలో ఉన్న ఎన్జీ రంగా వ్యవసాయ యూనివర్సిటీ కింద అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, టెన్త్ తర్వాత రెండేళ్లు, అగ్రికల్చర్, ఆర్గానిక్ ఫార్మింగ్ లాంటివి, తర్వాత అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కి పోవచ్చు. బైపీసీలో రెండేళ్లు లాంగ్ అవర్స్ కూర్చుని ఈఏపీసెట్‌లో ర్యాంక్ రాక ఏడ్చే పిల్లల్లో కొందరికి కావాల్సింది చివరికి అగ్రికల్చర్ బీఎస్సీయే, దానికి ఇలా ఇంకో దారి కూడా ఉందని వాళ్లకి నా దగ్గర అప్లికేషన్ కొట్టేటప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఇంటర్ అయిపోయి ఉంటుంది.

ఒకేషనల్ ఇంటర్ అనగానే మొహం చిట్లిస్తారు, అదేదో చదువు రానోళ్లకి అన్నట్టు. 2019లో గ్రామ సచివాలయాల నోటిఫికేషన్ వచ్చినప్పుడు పశుసంవర్ధక అసిస్టెంట్ పోస్టులకి వెటర్నరీ పాలిటెక్నిక్ చేసినవాళ్లతో పాటు ఇంటర్ ఒకేషనల్‌లో డెయిరీ, పౌల్ట్రీ చదివినవాళ్లకి కూడా అర్హత ఇచ్చారు. వేలల్లో పోస్టులు. అప్పుడు బీటెక్‌లు, ఎంబీఏలు నా సెంటర్లో కూర్చుని ఆ అర్హత కాలమ్ చూసి గుడ్లు తేలేశారు, వాళ్లకి అర్హత లేదు మరి. అలాగే ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) చేసిన అమ్మాయి ఒక సంవత్సరం అప్రెంటిస్‌షిప్ చేసి పారామెడికల్ బోర్డులో రిజిస్టర్ చేయించుకుంటే ల్యాబ్ టెక్నీషియన్. ఐటీఐ చేసినవాడికి గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాప్‌లో రైల్వే అప్రెంటిస్‌కి అప్లై చేసే ఛాన్స్ ఉంది. పైచదువు కావాలంటే ఒకేషనల్ పిల్లలకి మామూలు ఇంటర్ సబ్జెక్టులు అదనంగా రాసుకునే బ్రిడ్జి కోర్సు ఉంది, తలుపేం మూసేయలేదు. ఈ బ్రిడ్జి కోర్సు మాట విన్న టెన్త్ పిల్లాడిని నేను ఇప్పటిదాకా చూడలేదు.

ట్రిపుల్ ఐటీ ఒక్కటే కొంచెం నయం, దాని గురించి ఊళ్లలో తెలుసు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, టెన్త్ మార్కుల మీదే సీటు, ఆరేళ్లు అక్కడే, గవర్నమెంట్ బడి పిల్లలకి 4 శాతం కలుపుతారు కూడా. అది ఎందుకు తెలుసంటే ప్రతి ఊళ్లో ఎవరో ఒకళ్లకి సీటొచ్చి ఉంటుంది, వాళ్ల ఇంటికెళ్లి అడుగుతారు. మిగతావాటికి అడగడానికి మనిషి లేడు.

ఇంటర్ గ్రూపుల్లో కూడా పెద్ద మార్పు వచ్చింది, 2025-26 నుంచి మన రాష్ట్రంలో ఎంబైపీసీ పెట్టారు, అంటే లెక్కలూ బయాలజీ రెండూ కలిపి చదువుకోవచ్చు, అటు ఇంజనీరింగ్ ఇటు మెడికల్ రెండు వైపులా తలుపు తెరిచి ఉంటుంది. ఇంతకుముందు పదిహేనేళ్ల పిల్లని జూన్ నెలలో నిలబెట్టి లెక్కలా బయాలజీయా తేల్చుకో అనేవాళ్లు, లెక్కలంటే భయమని బైపీసీలో చేరి, రెండేళ్ల తర్వాత నీట్‌లో రాక, కంప్యూటర్స్ బీటెక్ చేద్దామంటే లెక్కల్లేవని ఆగిపోయిన అమ్మాయిలు మా బజార్లోనే ఉన్నారు. మంచి మార్పు, ఒప్పుకోవాలి. కానీ పేపర్ మీద గ్రూపు పెడితే సరిపోదు కదా, చుట్టుపక్కల ఏ కాలేజీలో ఉంది, లెక్కల లెక్చరరూ బయాలజీ లెక్చరరూ ఇద్దరూ ఉన్నారా, రెండు బరువులు మోయగలదా ఈ పిల్ల, ఇది చెప్పాల్సింది పిల్ల సంగతి ఐదేళ్లుగా తెలిసిన హైస్కూల్ మాస్టారు.

అసలు ఎంచుకోవడం అనేది పదో తరగతి దాకా అలవాటే చేయలేదు మనం. ఆరు సబ్జెక్టులు, తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్, సైన్స్‌ని ఫిజికల్ సైన్స్ 50కి, బయాలజీ 50కి రెండు రోజులు రాయిస్తారు. హిందీకి 20 వస్తే చాలు, మిగతావాటికి 35 రావాలి. ఇంతే, అందరికీ ఒకటే కొలత చొక్కా. సీబీఎస్ఈలో 2020 పరీక్షల నుంచే లెక్కల్లో స్టాండర్డ్, బేసిక్ అని రెండు పేపర్లు పెట్టారు, సిలబస్ ఒకటే, ముందుకి లెక్కలు అక్కర్లేదనుకునేవాడు సులువు పేపర్ రాసుకుంటాడు. అక్కడే ఆరో సబ్జెక్టుగా ఒక స్కిల్ సబ్జెక్ట్ తీసుకుని పాసైనవాడు లెక్కల్లోనో సైన్స్‌లోనో ఫెయిలైతే ఆ ప్లేసులో స్కిల్ సబ్జెక్ట్ పెట్టి లెక్కేస్తారు. మన గవర్నమెంట్ హైస్కూళ్లలోనూ కొన్నింట్లో సమగ్ర శిక్ష కింద 9, 10 తరగతులకి ఒకేషనల్ ట్రేడ్లు ఉన్నాయి, అగ్రికల్చర్, ఐటీ, బ్యూటీ అండ్ వెల్‌నెస్ లాంటివి, ల్యాబ్ సామాన్లు కూడా వచ్చాయి, కానీ ఆ మార్కుల్ని ఇంట్లో ఎవరూ అడగరు, బయట ఎవరూ చూడరు.

నవ్వొచ్చే విషయం ఏంటంటే, లెక్కల్లో తప్పి తప్పి బడి మానేసిన పిల్లాడు ఓపెన్ స్కూల్‌కి పోతే అక్కడ ఛాయిస్ ఉంది! 1991 నుంచి ఉంది మన ఓపెన్ స్కూల్, లెక్కల బదులు ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, సైకాలజీ, భారతీయ సంస్కృతి లాంటివి పెట్టుకుని టెన్త్ పాసవ్వొచ్చు. అంటే రోజూ బడికొచ్చేవాడికి లేని సౌకర్యం మానేసినవాడికి ఉందన్నమాట. లెక్కలు తీసేయమని నేననట్లేదు, లెక్కలు లేకపోతే పాలిటెక్నిక్ కూడా కష్టమే. కానీ రెండు లెవెల్స్ పెట్టడానికి ఏం అడ్డమో నాకర్థం కాదు.

టీచర్లని తిట్టడం ఈజీ, నేను తిట్టను. అటెండెన్స్, భోజనం వివరాలు యాప్‌లో ఎక్కించాలి, ఇవికాక స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు, పాస్ పర్సంటేజ్ తగ్గితే పైనుంచి మెమోలు. మా హైస్కూల్లో ఒక సోషల్ మాస్టారు సొంతంగా ప్రింట్లు తీయించి పిల్లలకి పంచుతారు, ఆ ప్రింట్లు నా దగ్గరే తీయించుకుంటారు, డబ్బులు వద్దన్నా వినరు. ఆయన ట్రాన్స్‌ఫర్ అయితే ఆ పని కూడా ఆగిపోతుంది. ఒక మనిషి మంచితనం మీద నడవాల్సిన పని కాదిది, డిపార్ట్‌మెంట్ ఆర్డర్ మీద నడవాలి.

నేనడిగేది పెద్దదేం కాదు. తొమ్మిదో తరగతిలోనే, పీఆర్వో ఇంటికి రాకముందు, ప్రతి పిల్లాడికీ ఒక షీటు ఇవ్వాలి, తెలుగులో, టెన్త్ తర్వాత ఉన్న కోర్సులన్నీ, ఎన్నేళ్లు, ఫీజు ఎంత, దగ్గర్లో ఎక్కడుంది, అప్లికేషన్ సుమారుగా ఏ నెలలో వస్తుంది, తర్వాత ఏ ఉద్యోగానికి లేదా ఏ పైచదువుకి పనికొస్తుంది. 2024 డిసెంబర్ 7 నుంచి మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెడుతున్నారు కదా, ముగ్గులేసి, ఆటలాడించి, భోజనాలు పెట్టి బాగానే చేస్తున్నారు, అందులో ఒక గంట 9, 10 తరగతుల తల్లిదండ్రులకి దీని గురించే చెప్పించాలి, పాలిటెక్నిక్ నుంచి ఒకళ్లు, ఐటీఐ నుంచి ఒకళ్లు, గవర్నమెంట్ జూనియర్ కాలేజీ నుంచి ఒకళ్లు వచ్చి మాట్లాడితే చాలు. బళ్ల గోడల మీద గ్రహాలు వేశారు, నాయకుల బొమ్మలు వేశారు, ఒక్క గోడ మీద ఈ లిస్ట్ పెయింట్ చేయించడానికి ఎంతవుతుంది? ఇంకో సంగతి, ఈ నోటిఫికేషన్లలో చాలావరకు బడికి సెలవులున్నప్పుడే వస్తాయి, హెడ్మాస్టర్ గారి గదికి తాళం ఉంటుంది, కనీసం మే నెలలో వారానికి ఒక రోజైనా ఎవరో ఒక మాస్టారు బడిలో కూర్చుని పిల్లల డౌట్లు చెప్పేలా, దానికి ఆయనకి ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) ఇచ్చేలా డీఈఓ గారు ఏదో ఒకటి చూడాలి.

మీ పేపర్‌కి కూడా ఒక రిక్వెస్ట్. ఎడ్యుకేషన్ పేజీలో టెన్త్ తర్వాత ఏంటి అని మీరు వేసే వ్యాసం బాగానే ఉంటుంది, మా సెంటర్ గోడకి అంటించా కూడా, కానీ అది మే నెలలో వస్తుంది, అప్పటికి మా ఊళ్లో సగం మంది అడ్వాన్సులు కట్టేసి ఉంటారు. దాన్ని డిసెంబర్‌లో వేయండి, జిల్లాల వారీగా కాలేజీల పేర్లతో సహా.

ఇట్లు
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
వినుకొండ ప్రాంతం, పల్నాడు జిల్లా