బండి ఎంత తిరిగిందో కాగితాల్లో ఎందుకు ఉండదు?

సంపాదకుల వారికి నమస్కారం.

2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఇరవై ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును రూ.5,000 నుంచి రూ.10,000కు పెంచింది. అప్పటి నుంచి పాత వాహనాల గురించి చాలామంది రాస్తున్నారు. పాతవన్నీ తుక్కుకు పంపాలని కొందరు, మధ్యతరగతి మీద ఇదేం భారమని కొందరు. అందరూ బండి వయసు దగ్గరే ఆగిపోతున్నారు. పాత బండిని నమ్ముకుని బతికే నాకు దాని వయసుతో పేచీ లేదు. తొమ్మిదేళ్లు వాడిన బండి అని తెలిసే కొన్నాను. అది ఎంత దూరం తిరిగి వచ్చిందో తెలుసుకునే దారి మాత్రం ఈ దేశంలో కొనేవాడికి లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను చిలకలూరిపేట దగ్గరి పల్లెలో ఉంటాను, నాదస్వర మేళంలో డోలు వాయిస్తాను. మాకిది తాతల నాటి విద్య. తెల్లవారుజామున ముహూర్తం ఉంటే రాత్రికే కల్యాణ మండపం చేరుకోవాలి. తిరిగి వచ్చేసరికి ఏ వేళవుతుందో చెప్పలేం. నాదస్వరాలు, డోళ్లు, తాళాలు, శ్రుతి పెట్టె, మనుషులు, వాళ్ల బట్టల సంచులు చిన్న కారులో పట్టవు. డోళ్లను టాపు మీద కట్టుకుపోదామంటే ఎండకు తోలు బిగుస్తుంది, మంచుకు సడలుతుంది. మండపంలో కూర్చున్నాక శ్రుతి నిలవదు. ప్రతిసారీ అద్దె బండి పెడితే పారితోషికంలో పెద్ద వాటా దానికే పోతుంది. అందుకని ఏడు సీట్ల డీజిల్ బండి అవసరమైంది. కొత్తది మా తాహతుకు మించినది కాబట్టి పాతది చూశాం. అది ఏ కంపెనీదో రాయను. తయారుచేసిన వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. ఘాటైనా, గుంతలైనా, వాన నీళ్లు నిలిచిన పొలం దారైనా వెనకాడని గట్టి బండి అది.

అలాంటి బండ్లు మన దాకా ఎలా వస్తాయో చెబుతాను. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు ఢిల్లీలోనూ దాని చుట్టుపక్కల రాజధాని ప్రాంతంలోనూ తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తర్వాత దాని అమలు ఎన్నో మలుపులు తిరిగింది. కానీ అక్కడివాళ్లు పదేళ్లు నిండకముందే డీజిల్ బండ్లను వదిలించుకోవడం మొదలుపెట్టి చాలా కాలమైంది. అమ్మబోతే అడవి అన్నట్టు అక్కడ వాటికి ధర పలకదు. నిరభ్యంతర పత్రం తెచ్చుకుని, ఇక్కడ జీవిత పన్ను కట్టి, మన రాష్ట్రం నంబరు వేయించుకుంటే పదిహేనేళ్లు నిండే దాకా తిరగవచ్చు. ఆపైన ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే మరో ఐదేళ్లు. ఇదంతా చట్టం ఒప్పుకున్న పద్ధతే. నేను కొన్న బండీ అలా వచ్చిందే.

ఒక నగరంలో పాత కార్ల దుకాణంలో దాన్ని చూశాం. మీటరు మీద 78 వేల చిల్లర కిలోమీటర్లు ఉంది. రంగు మెరుస్తోంది, సీట్లకు కొత్త కవర్లు వేశారు, ఇంజన్ గదిని కడిగి పాలిష్ పట్టారు. నేను ఒక్కడినే వెళ్లలేదు, మా ఊరి మెకానిక్‌ని వెంట తీసుకెళ్లాను. అతను ఆయిల్ కడ్డీ తీసి చూశాడు, పొగ రంగు చూశాడు. స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పించి ముందు చక్రాల దగ్గర చెవి పెట్టి విన్నాడు. టైర్ల మీద తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు చదివాడు. రవాణా శాఖ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు అన్నీ సక్రమంగా కనిపించాయి, ఫైనాన్సు బకాయి కూడా లేదు. కొనేవాడు చేయగలిగిందంతా చేశాం. తిరిగిన దూరం ఒక్కటే ఆ యాప్‌లో లేదు.

శ్రావణంలో పెళ్లిళ్లన్నీ సాఫీగా జరిగిపోయాయి. మాఘంలో శ్రీశైలంలో ఒక పెళ్లికి ఒప్పుకున్నాం. దోర్నాల దాటి ఘాటు ఎక్కుతుంటే వేడి చూపే ముల్లు పైకి లేవడం మొదలైంది. హైవే మీద ఎంత దూరం వెళ్లినా మధ్యలో కదలకుండా నిలిచే ముల్లు, మనుషుల బరువుతో రెండో గేరులో ఎక్కుతుంటే ఎర్ర గీతను తాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. మేళమంతా నల్లమల అడవిలో రోడ్డు పక్కన నిలబడ్డాం. అక్కడ రాత్రిళ్లు అటవీ గేట్లు మూసేస్తారు, ఫోను సిగ్నలూ సరిగా అందదు. వెనక వచ్చిన యాత్రికుల బస్సు డ్రైవరు దయతలచి వాద్యాలతో సహా మావాళ్లను ఎక్కించుకున్నాడు. వాళ్లు చేరేసరికి ఎదురుకోలు అయిపోయింది. మేళం లేకుండా ఎదురుకోలు జరిపించుకున్న ఆడపెళ్లివారికి మేం ఏమి సమాధానం చెప్పగలం? మా వృత్తిలో అంతకు మించిన తలవంపు లేదు.

బండిని లారీ మీద విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు చేర్చాం. అక్కడ డీజిల్ ఇంజన్ల మీద తల నెరిసిన ఒక మేస్త్రి ఉన్నారు. రేడియేటర్లో నీళ్లు నింపి, ఇంజన్‌ను కాసేపు నడిపి వేడెక్కనిచ్చి ఆపారు. ఆపిన ఫ్యాను రెక్కను వేలితో తోశారు. అది గిర్రున తిరిగింది. ‘‘వేడి మీద ఇది బిగువుగా ఉండాలి బాబూ, ఇలా తిరగకూడదు’’ అన్నారు. ఫ్యానుకూ ఇంజనుకూ మధ్య గుండ్రటి కప్లింగు ఒకటి ఉంటుంది. దాని కడుపులో చిక్కటి సిలికాన్ నూనె ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు అది ఫ్యానును వదులుగా ఉంచుతుంది, వేడెక్కగానే పట్టు బిగించి గట్టిగా తిప్పుతుంది. బాగా తిరిగిన బండ్లలో ఆ నూనె మెల్లగా కారిపోతుంది, ఫ్యాను ఉత్తుత్తినే తిరుగుతుంది. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది కనుక లోపం తెలియదు. ఘాటులో నెమ్మదిగా ఎక్కేటప్పుడే బయటపడుతుంది. దుకాణం చుట్టూ నాలుగు వీధులు తిప్పి చూసే పరీక్షలో ఇది ఏ మెకానిక్‌కూ దొరకదు.

ఆ కప్లింగు విప్పడానికి అడ్డంగా ఉన్న ఎయిర్ ఫిల్టర్ డబ్బాను తీసినప్పుడు అసలు సంగతి కనిపించింది. మూత లోపలి వైపు చిన్న కాగితం అంటించి ఉంది. దాని మీద ఫిల్టర్ మార్చిన తేదీ, పక్కన 1,61,400 అని పెన్నుతో రాసి ఉంది. ఆ తేదీకి రెండేళ్ల తర్వాత నేను బండి కొన్నాను. అప్పటికి మీటరు చూపించింది 78 వేలు! ఇంజన్ గదిని అద్దంలా కడిగినవాళ్లకు ఈ మూత తెరిచి చూడాలని తోచలేదు.

కిలోమీటర్లు దాచితే ధరలో మోసంతో పోదు. బండికి ఏ పని ఎప్పుడు చేయించాలో చెప్పేది ఆ అంకే. 78 వేలు కదా అని మేం ముట్టుకోని పనులు, లక్షన్నర దాటిన బండికి ఎప్పుడో జరిగి ఉండాల్సినవి. క్లచ్ ప్లేట్లు అరిగి పలచబడ్డాయి. ముందు చక్రాల బాల్ జాయింట్లు, బుష్‌లు వదులయ్యాయి. నాలుగు ఇంజెక్టర్లనూ బెంచి మీద పెట్టి పరీక్షిస్తే, రెండింటి నుంచి వెనక్కి కారే డీజిల్ మిగతావాటికంటే బాగా ఎక్కువగా ఉంది. ఘాటులో వేడెక్కినందుకు హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డును చదును చేయించాల్సి వచ్చింది. ఖర్చు తడిసి మోపెడైంది, కొన్న ధరలో దాదాపు సగం మళ్లీ షెడ్డుకే పోసాం. ముందు బాల్ జాయింటు హైవే మీద ఊడి ఉంటే బండి నిండా మనుషులతో మా గతి ఏమయ్యేది? పైన పటారం, లోన లొటారం అని ఊరుకోగలిగే విషయం కాదిది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని కొందరు సలహా ఇచ్చారు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. మంచి చట్టం. కానీ మీటరు అంకెను ఎవరు వెనక్కి తిప్పారో ఎలా నిరూపించాలి? ఢిల్లీ యజమానా, అక్కడ కొన్న దళారీనా, దాన్ని ఇక్కడికి తోలుకొచ్చినవాడా, నాకు అమ్మిన దుకాణమా? ‘మేం కొన్నప్పుడూ ఇంతే ఉంది’ అని దుకాణం వాళ్లు అంటున్నారు. అది అబద్ధమని చూపించే ప్రభుత్వ కాగితం ఒక్కటీ లేదు.

యాజమాన్య బదిలీకి అమ్మేవాడు సంతకం చేసే ఫారం 29ను శ్రద్ధగా చదివాను. బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, కొన్నవారి పేరు, చిరునామా అన్నీ అడుగుతుంది. అప్పగించే నాటికి మీటరు మీద ఎంత ఉందో అడగదు. పైగా ఆ ఫారాన్ని ఖాళీగా సంతకం పెట్టించి దళారీలు దగ్గర పెట్టుకుంటారు. మధ్యలో బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో మొదటి యజమాని పేరే ఉంటుంది. అమ్మేవాళ్లకూ అది ప్రమాదమే. రిజిస్ట్రేషన్‌లో పేరున్నవారే ప్రమాద పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది.

ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికే కేంద్రం 2022 డిసెంబరులో నిబంధనలు మార్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. పాత వాహనాలు కొని అమ్మే దుకాణదారుడు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. బండి తన చేతికి వచ్చినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. తన దగ్గర ఉన్నంతకాలం దాన్ని ఎవరు, ఎందుకు, ఎంత దూరం నడిపారో ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలి. అంటే దుకాణంలో ఉన్న కొద్ది రోజుల ప్రయాణానికి లెక్క అడుగుతున్నారు. అంతకు ముందు తిరిగిన లక్షన్నర కిలోమీటర్లకు లెక్క అక్కర్లేదా?

లండన్ దగ్గర ఉద్యోగం చేసే మా మేనల్లుడు అక్కడ పాత కారు కొనేముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూశాడు. ఏటా జరిగే తనిఖీలో ఏ సంవత్సరం మీటరు ఎంత ఉందో, తనిఖీలో ఏ లోపాలు దొరికాయో పైసా ఖర్చు లేకుండా కనిపించాయి. ఒక ఏడాది అంకె ముందటి ఏడాదికంటే తగ్గితే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. మనకు అలాంటి తనిఖీ లేదనే మాట ఒప్పుకోను. కాలుష్య ధ్రువపత్రానికి బీఎస్-4, ఆపై ఉద్గార ప్రమాణాలతో తయారైన బండ్లు ఏడాదికోసారి, అంతకంటే పాతవి ఆరు నెలలకోసారి వెళ్లి తీరాలి. బీమా ఏటా కట్టాలి. కాలుష్య పరీక్ష కేంద్రంలో బండి నంబరు ప్లేటుకు ఫొటో తీస్తున్నారు, ఆ పక్కనే మీటరుకు మరో ఫొటో తీయడానికి అర నిమిషం పట్టదు. ఆ అంకె రవాణా శాఖల ‘వాహన్’ కంప్యూటర్ రికార్డులో చేరాలి, యాప్‌లో నంబరు కొట్టిన ప్రతివారికీ కనిపించాలి. ఫారం 29లో మీటరు అంకెకు ఒక గడి ఉండాలి, దాని కింద అమ్మేవాడి సంతకం ఉండాలి. మీటరు నిజంగానే చెడిపోయి మార్చాల్సి వస్తే, మార్చిన తేదీ, పాత అంకె నమోదు చేయించుకునే వీలూ ఇవ్వాలి. అంకె తిప్పినట్టు తేలితే ఆ దుకాణం అధికార పత్రం రద్దు కావాలి.

ఇలా చేస్తే పాత బండ్ల ధరలు పడిపోతాయని దుకాణదారులు అంటారు. నిజాయితీగా తక్కువ తిరిగిన బండికి అప్పుడు మంచి ధరే వస్తుంది. సర్వీసు బిల్లులన్నీ భద్రపరచుకుని, వేళకు ఆయిల్ మార్చిన యజమానికీ, మీటరు తిప్పిన వాడికీ ఇవాళ బజారులో ఒకే ధర పలుకుతోంది. అది ఎవరికి న్యాయం?

మరమ్మతుల గురించి ఒక్క మాట. విడిభాగాల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించడం నాలాంటివారికి నిజమైన ఊరట. అయితే పాత మోడళ్లకు అసలు సామాను దొరకడం కష్టంగా ఉంది. నా కప్లింగు కోసం ఆటోనగర్ అంతా గాలించి, చివరికి తుక్కుకు వచ్చిన మరో బండి నుంచి తీసుకోవాల్సి వచ్చింది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించినప్పుడు వాహనాలనూ అందులో చేర్చింది. మోడల్ ఆగిపోయాక ఎన్నేళ్ల దాకా విడిభాగాలు ఇస్తారో ప్రతి కంపెనీ చేత అక్కడ ప్రకటింపజేయాలి. సర్వీసు పుస్తకాలు, వైరింగ్ పటాలు ఆటోనగర్ మేస్త్రులకు అందాలి, తెలుగులో ఉంటే మరీ మంచిది.

ఫారం మార్చడం కేంద్రం పని. కాలుష్య పరీక్ష కేంద్రాలు, ఫిట్‌నెస్ తనిఖీలు, దుకాణాల అధికార పత్రాలు రాష్ట్రాల రవాణా శాఖల చేతిలో ఉన్నాయి. మీటరు ఫొటో తీయాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా కమిషనర్లు తమ కేంద్రాలకు ఆదేశాలు ఇవ్వాలి, ఫారం మార్పు కోరుతూ కేంద్రానికి లేఖ రాయాలి. అధికార పత్రం ఉన్న పాత కార్ల దుకాణాల జాబితాను జిల్లాల వారీగా ప్రకటించాలి. వచ్చే పెళ్లిళ్ల సీజనుకు ముందు మా వైపు ఇంకో రెండు మేళాలు పాత బండ్లు కొనే ప్రయత్నంలో ఉన్నాయి. ఆ జాబితా వాళ్లకు ఇప్పుడే కావాలి.

ఇట్లు,
ఒక డోలు కళాకారుడు,
చిలకలూరిపేట మండలం, పల్నాడు జిల్లా