పెటోస్కీ రాళ్లను మిషన్‌లో వేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో అమెరికా సరస్సుల ఒడ్డున దొరికే రాళ్ల గురించి రాసింది చదివాను. బాగుంది. కానీ ఏరుకొచ్చిన రాళ్లన్నీ కలిపి టంబ్లర్‌లో (రాళ్లను గరుకు పొడితో కలిపి తిప్పి నున్నబరిచే చిన్న పీపా మిషన్) వేసి నాలుగు వారాలు తిప్పితే మెరుస్తాయని రాశారు చూడండి, అది తప్పు. నేను అలాగే చేసి రాళ్లు పాడుచేసుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

మాది తాండూరు. నాపరాళ్ల పాలిష్ యూనిట్లో ముప్పై ఏళ్లు పనిచేశాను. మొన్న మా అమ్మాయి దగ్గరికి మిషిగన్ వెళ్లి ఆర్నెల్లు ఉన్నప్పుడు, ఊరికే కూర్చోలేక రాళ్లు ఏరడం మొదలుపెడితే అల్లుడు టంబ్లర్ కొనిచ్చాడు. సుపీరియర్ సరస్సు దగ్గర దొరికిన ఎర్రచారల అగేట్లు (గట్టి రంగురాళ్లు), మిషిగన్ సరస్సు ఒడ్డున దొరికిన పెటోస్కీలు (పగడాలు రాయిగా మారినవి) అన్నీ అందులో పోశాను. రాళ్ల పనిలో తల నెరిసినవాణ్ని, నాకొకరు చెప్పాలా అనుకున్నాను! గరుకు పొడి వేసి వారం తిప్పి మూత తీస్తే అగేట్లు కాస్త నున్నబడ్డాయంతే, పెటోస్కీలు మాత్రం సగానికి సగం అరిగి బురదైపోయాయి.

తర్వాత వెలిగింది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కిస్తారు; అగేట్ గట్టిదనం 7, ఇనపమేకుతో గీసినా గీత పడదు. పెటోస్కీ గట్టిదనం 3, మేకుతో గీస్తే పొడి రాలుతుంది, వెనిగర్ చుక్క వేస్తే బుడగలొస్తాయి. మన నాపరాయిలాగే అదీ సున్నపురాయే. కాకపోతే 35 కోట్ల ఏళ్లకు పైమాటే, మిషిగన్ ఉన్నచోట వెచ్చని లోతులేని సముద్రం ఉన్న కాలంలో బతికిన పగడాలు రాయిగా మారినవి. తర్వాత మంచుపలకలు వాటిని విరిచి, దొర్లించి, ఒడ్డంతా చల్లిపోయాయి. 1965 నుంచి అది ఆ రాష్ట్రానికి అధికారిక రాయి కూడా.

పొడిగా ఉంటే మామూలు బూడిదరంగు రాయి, కాలితో తన్నేసి పోతాం. తడిస్తే తేనెతుట్టెలా ఆరుపలకల గళ్లు, ఒక్కో గడి మధ్య నల్లటి చుక్క. మా యార్డులో గిరాకీ వస్తే బండ మీద చెంబెడు నీళ్లు పోసి రంగు చూపిస్తాం కదా, అదే లెక్క. అందుకే ఎండిన గుట్టల్లో కాకుండా అల తాకేచోట చూడాలి, అదీ చలికాలం మంచు కరిగి కొత్త రాళ్లు ఒడ్డుకు చేరే ఏప్రిల్ రోజుల్లో అయితే మరీ మంచిది.

పాలిష్‌కి చేతులు చాలు. పెయింటర్లు వాడే వాటర్ పేపర్ 220, 400, 600 నంబర్లు వరసగా (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), నీళ్లలో ముంచుతూ రుద్దాలి. ముందు పేపరు గీతలు పూర్తిగా పోయేదాకా రెండోదానికి వెళ్లొద్దు, తొందరపడితే చివర్లో మెరుపులో ఆ గీతలే కనబడతాయి (యూనిట్లో కొత్త కుర్రాళ్లందరూ చేసే తప్పు ఇదే). ఆఖర్న మఖమల్ గుడ్డ మీద పాలిష్ పొడి తడిపి రుద్దితే అద్దంలా వస్తుంది. తర్వాత దాని మీద నిమ్మరసం పడనీయకండి, ఇంట్లో బండల మీద పడ్డట్టే మచ్చ పడుతుంది.

ఇంకోటి, మీ వ్యాసంలో రూల్స్ ఊసే లేదు. మిషిగన్ ప్రభుత్వ భూముల్లో మనిషి ఏడాదికి ఏరుకోగలిగే రాళ్లు 25 పౌండ్లే, అంటే 11 కిలోల పైచిలుకు. 2015లో ఒకాయనకు 93 పౌండ్ల పెటోస్కీ దొరికితే ప్రభుత్వం వాళ్లు తీసేసుకున్నారు. స్లీపింగ్ బేర్ డ్యూన్స్ లాంటి జాతీయ తీరంలోనైతే గులకరాయి కూడా ముట్టుకోకూడదు. ఈ వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు మీ అనుబంధం కత్తిరించి బ్యాగులో పెట్టుకునే రకం, కాబట్టి వాళ్లు విమానం ఎక్కేలోపే సవరణ వేయండి.

– ఒక పాలిష్ మేస్త్రి, తాండూరు