ఆ మూడడుగులు ఎక్కడి నుంచి కొలిచారు?

పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను ఇళ్లకు ప్లాన్లు గీసి సంతకం పెట్టే ఇంజనీరుని. చాలా ఏళ్ల కిందట ఒకాయనకు ఇల్లు కట్టించాను. అక్కడికి నీళ్లొస్తాయని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే రోడ్డు మీద మూడడుగుల ఎత్తుకు బేస్‌మెంట్ లేపాం. ప్లాన్ పాసైంది. తర్వాతి వరదకు ఆ ఇంట్లో మంచాలు తేలాయి. నీళ్లు తీశాక చూడ్డానికి వెళ్తే ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. గోడ మీద బురద గీత చూపించి, "మూడడుగులు చాలన్నారు కదండీ, ఎక్కడి నుంచి కొలిచారు?" అని మాత్రం అడిగాడు.

రోడ్డు నుంచి కొలిచాను. మేమందరం అక్కణ్నుంచే కొలుస్తాం. దరఖాస్తులో అడిగేదీ అదే. ఈ ఉత్తరం ఆ ఒక్క గడి గురించి.

నీరు పల్లమెరుగు అంటారు. మన ఫైళ్లకు మాత్రం పల్లం తెలియదు. పల్లంలో వేసిన రోడ్డు కూడా పల్లంలోనే ఉంటుంది, దాని మీద మూడడుగులు లేపిన ఇల్లూ పల్లంలోనే ఉంటుంది. అరకిలోమీటరు అవతల మెరక మీది ఇల్లు రోడ్డుకు ఒక్క అడుగే ఎత్తు ఉన్నా దాని గుమ్మం తడవదు. పైగా రోడ్డు ఒకచోట నిలిచే వస్తువు కాదు. పాత తారు చెక్కకుండా దాని మీదే కొత్త పొర వేసిన ప్రతిసారీ రోడ్డు పెరుగుతుంది, ఇంటి మెట్లు ఒక్కొక్కటే లోపలికి పోతాయి. నేను కట్టించిన మూడడుగులు ఇప్పుడు రెండడుగులు కూడా లేవు.

నేను అడిగేది చిన్న మార్పు. అనుమతి పత్రం మీద రెండు అంకెలు వేయించండి. ఆ స్థలంలో లెక్కకు తీసుకున్న వరద మట్టం ఒకటి, ఇంటి నేల మట్టం రెండోది. రెండూ సముద్ర మట్టం నుంచి, ఒకే బెంచ్ మార్క్ (సముద్ర మట్టం నుంచి ఎత్తు ముందే కొలిచి పెట్టిన గుర్తు) ఆధారంగా. సర్వేయరు లెవెల్ మిషన్ పెడితే పూటలో తేలిపోయే పని. రెండో అంకె మొదటిదానికంటే ఎంత ఎక్కువో కొనుక్కునేవాడికి కాగితం మీద కనపడాలి. ఆ తేడాను ఇంజనీర్లు ఫ్రీబోర్డ్ అంటారు. అలలకు, తూములో అడ్డం పడే చెత్తకు, మా లెక్కల్లో దొర్లే పొరపాటుకు వదిలే జాగా అది. అమెరికాలో వరద ప్రాంతాల కట్టడాలకు 2014లో రాసుకున్న ప్రమాణం మామూలు ఇంటికి కనీసం ఒక అడుగు ఫ్రీబోర్డ్ ఉండాలంది.

మొదటి అంకె దగ్గర ఒక చిక్కుంది. దానికి మేం పెట్టిన పేరే జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది. 'నూరేళ్ల వరద' అనగానే, "మొన్ననే వచ్చిపోయిందిగా, ఇక మా మనవళ్ల కాలానికి గానీ రాదు" అనుకుంటారు. దాని అసలు అర్థం ఏ ఏడాదికైనా నూటికి ఒక పాలు వచ్చే అవకాశం అని. వరసగా రెండేళ్లు వచ్చినా లెక్క తప్పినట్టు కాదు. ముప్పై ఏళ్ల గృహరుణం తీరేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువ! ఇదీ పాత వానల లెక్కే. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. పాత రికార్డులతో గీసిన ముంపు మ్యాపును ఎప్పటికప్పుడు మళ్లీ గీయాల్సిందే. దాన్ని ఆఫీసు బీరువాలో దాస్తే ఎవరికి ఉపయోగం? వరద మట్టాన్ని ప్రతి వీధిలో కరెంటు స్తంభాల మీద రంగుతో గీయించండి. స్థలం చూడ్డానికి వచ్చినవాడు తల ఎత్తి చూడాల్సి వస్తే వాడికి అర్థమైపోతుంది.

ఎత్తు పెంచమంటే చాలామంది లారీలతో మట్టి తోలిస్తారు. మెరక చేస్తే ఆ ఇల్లు బతుకుతుంది గానీ, అక్కడ నిలవాల్సిన నీళ్లు పక్కింట్లోకి పోతాయి. పక్కవాడు ఇంకో అడుగు తోలిస్తాడు. చివరికి మట్టి కొనలేనివాడి ఇల్లు చెరువవుతుంది. లేఅవుట్ వేసేవాడు నీళ్లు నిలిచే జాగాలో ఎంత పూడ్చాడో అంత మరోచోట తవ్వి చూపించాలి, లేదంటే పిల్లర్ల మీద కట్టాలి. పిల్లర్ల మీద కట్టిన ఇల్లు నీళ్లకు దారి వదులుతుంది. ఆ దారిని తర్వాత మూసేయకుండా చూడటమే కష్టం. స్టిల్ట్ (పిల్లర్ల మధ్య ఖాళీగా వదిలే కింది భాగం) అని అనుమతి తీసుకున్న జాగా రెండేళ్లలో గోడలు లేచి గది అవుతుంది. ఈ పాపంలో మాకూ వాటా ఉంది, తలుపు ఎటు పెట్టాలని వాళ్లు మమ్మల్నే అడుగుతారు.

గోడ నీళ్లను ఆపుతుందనే నమ్మకం కూడా ప్రమాదమే. గోడకు ఒకవైపు మీటరు లోతు నీళ్లు నిలిస్తే, గోడ పొడవులో ప్రతి మీటరు మీదా దాదాపు అర టన్ను తోపు పడుతుంది. లోతు రెండు మీటర్లయితే ఆ తోపు రెట్టింపు కాదు, నాలుగింతలై రెండు టన్నులవుతుంది. ఇది నిలకడ నీటి సంగతి. పారే నీటి వేగం రెట్టింపైతే దాని దెబ్బ కూడా నాలుగింతలే. అలాంటి చోట మామూలు ఇటుక గోడ, ముఖ్యంగా ప్రహరీ, ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోతుంది. అందుకే వరద మట్టానికి కింద, ఎవరూ కాపురం ఉండని అంతస్తుకు గోడలు కడితే వాటిలో నీళ్లు వచ్చిపోయే కన్నాలు వదలాలి. లోపలా బయటా మట్టం సమానమైతే గోడ మీద తోపు ఉండదు. అమెరికా నిబంధన ప్రకారం చదరపు అడుగు నేలకు చదరపు అంగుళం చొప్పున కన్నం, కనీసం రెండు వేర్వేరు గోడల్లో, నేలకు అడుగు లోపు ఎత్తులో ఉండాలి. ఇల్లు కాపాడుకోవడానికి నీళ్లను లోపలికి రానివ్వాలా అని నా దగ్గరికొచ్చే వాళ్లంతా నవ్వుతారు. పునాది పక్క మట్టిని కూడా పారే నీరు కోసుకుపోతుంది కాబట్టి, ఆ కోతకు అందనంత లోతుకు పునాది దిగాలి.

ఖాళీగా ఉన్న సంపు సంగతి ఎవరూ చెప్పరు. చుట్టూ నేల నీటితో నిండితే అది మూత బిగించిన డబ్బాలా పైకి తేలాలని చూస్తుంది. ప్రతి ఘనపు మీటరు ఖాళీకి ఒక టన్ను ఎత్తుడు. వరద హెచ్చరిక వచ్చినప్పుడు సంపు నింపి పెట్టడం మంచిది. సెల్లార్ మునిగితే, బయట వరద తగ్గాక కూడా ఒక్కరోజులో తోడేయొద్దు. బయటి మట్టి ఇంకా నానే ఉంటుంది, లోపలి నీళ్ల దన్ను పోగానే గోడ లోపలికి కూలుతుంది. రోజుకు మూడో వంతు చొప్పున తోడాలి. ఇంకొకటి, వీధి తలుపు దగ్గర ఇసుక బస్తాలు పేర్చుకుని కూర్చున్నవాళ్ల ఇంట్లోకి నీళ్లు మరుగుదొడ్డి గుండా వస్తాయి. డ్రైనేజీ పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను బయటికే పోనిచ్చి వెనక్కి రానివ్వనిది), వరద గీతకు పైన కరెంటు మీటరు బోర్డు, స్విచ్చులు ఉండాలి. ఈ రెండూ కొత్త ఇంటికి పెద్ద ఖర్చు కావు, కట్టాక మార్చాలంటే గోడలు పగలగొట్టాలి.

ఇంత రాశాక మీ శాఖ నుంచి రాబోయే జవాబు నాకు తెలుసు: కరకట్ట ఎత్తు పెంచుతున్నాం. పెంచండి. కానీ ఎత్తైన కట్టను చూసే జనం దాని వెనక ఇళ్లు కట్టుకుంటారు. ఏటా వచ్చే చిన్న ముంపు ఆగిపోతుంది, కట్ట తెగిన రోజున మాత్రం ఎన్నో రెట్ల ఇళ్లు పోతాయి. కట్టల దేశమైన నెదర్లాండ్స్‌లోనే 1995లో సుమారు రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత వాళ్లు ముప్పైకి పైగా చోట్ల నదికి జాగా తిరిగి ఇచ్చారు. నైమేహెన్ నగరం ఎదుట కట్టనే 350 మీటర్లు వెనక్కి జరిపి నదికి రెండో పాయ తవ్వారు.

కొన్ని చోట్ల ఎంత ఎత్తులో కట్టినా లాభం లేదు. అక్కడ కట్టొద్దనే చెప్పాలి. ఆ మాట చెప్పే ప్రభుత్వం చేతిలో బదులు స్థలం కూడా ఉండాలి. అమెరికాలో 1993లో మిసిసిపీ నది ముంచేసిన వాల్మేయర్ ఊరిని గుట్ట మీదికి మార్చారు. ఆస్ట్రేలియాలో 2011 జనవరిలో దెబ్బతిన్న గ్రాంథమ్ వాసులకు మెరక మీద స్థలానికి స్థలం ఇచ్చారు, అదే ఏడాది డిసెంబరుకల్లా మొదటి కుటుంబాలు కొత్త ఇళ్లలో చేరాయి. బదులు చూపించకుండా నోటీసు అంటిస్తే జనం ఆ నోటీసు మీదే సున్నం వేసుకుంటారు.

నా పాత ప్లాన్లన్నీ అటక మీంచి దించాను. ఒక్కో ఇంటికీ వెళ్లి లెవెల్ తీయిస్తున్నాను. కొన్నిటి నేల పోయిన వరద గీతకు కిందే ఉంది. ఆ ఇళ్లవాళ్లకు నేనే వెళ్లి చెబుతున్నాను. మొదట వెళ్లింది ఆ మూడడుగుల ఆయన దగ్గరికే. ఈసారి రెండు అంకెలూ గోడ మీద పెన్సిలుతో రాసిచ్చాను. ఆయన వాటిని చెరిపేయకుండా చుట్టూ గీత గీసి, "ఇది మీ కాగితాల్లో ఎందుకుండదు?" అన్నాడు. ఆ ప్రశ్న మీకు పంపుతున్నాను.

ఇట్లు,
మీ శాఖ కాగితాల మీద ఇన్నేళ్లూ సంతకాలు పెట్టిన ఒక ఇంజనీరు